మంట తెలియని వంట

ఇందుమతి ఇంట్లో ఆదివారం భోజనం అంటే ఒకప్పుడు సుధీంద్ర శనివారం నుంచే తిండి తగ్గించుకునేవాడు. ఈమధ్య మాత్రం అక్క ఫోన్ రాగానే కడుపు పట్టుకుని మంచం ఎక్కుతున్నాడు. సొంత అక్క చేతి వంటకి ఇంతగా హడలిపోయే తమ్ముడు గుంటూరు మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడు.

"నువ్వెళ్ళిరా. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పు," అన్నాడు భార్యతో.

"అదేం కుదరదు. మీ అక్క, మీ కడుపు. నడవండి," అంది సౌదామిని, బండి తాళాలు అతని చేతిలో పెట్టి.

అంత ధీమాగా అందిగానీ ఆవిడకీ లోపల బెరుగ్గానే ఉంది. పోయిన వారం తిన్న దోసకాయ పచ్చడి ఆవిడ నాలుకకి ఇంకా గుర్తే.

బ్రాడీపేటలో ఇందుమతి ఇల్లు. గుమ్మంలోకి అడుగు పెట్టకముందే పోపు ఘాటుకి ఇద్దరూ తుమ్మారు. లోపల భుజంగరావు, అంటే ఇందుమతి భర్త, తలపాగాలాగా తువ్వాలు చుట్టుకుని గిన్నెలు తోముతున్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళ కాపురంలో మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తాను కడిగి ఎరగడు. సుధీంద్ర నోరు తెరుచుకుని చూశాడు.

"ఏంది బావా ఇది?"

"ష్..." అన్నాడు భుజంగరావు. వంటింటి వైపు ఓ చూపు చూసి, సౌదామినిని వరండాలోకి పిలిచాడు. "చెల్లెమ్మా, నువ్వు డాక్టరువి, చదువుకున్నదానివి. మీ వదినకి నా మీద కోపం ఎందుకో కాస్త కనుక్కోవా?"

"కోపమా? నవ్వుతూనే ఉంది కదన్నయ్యా."

"పైకి నవ్వుతానే ఉంటదమ్మా. కూరల్లో చూపిస్తంది. నెలల తరబడి చూస్తన్నా. పేకాట మానేశా. పట్టుచీర తెచ్చా. గిన్నెలు తోముతున్నా. అయినా కారం తగ్గదే! పార్కులో పొద్దున నడిచేటప్పుడు విన్నా, మీ వదిన కోలాటం బృందంలో వాళ్ళ మొగుళ్ళందరిదీ ఇదే గోల. మొత్తం బృందమంతా మా మీద కట్టగట్టుకుందమ్మా."

సౌదామిని పకపకా నవ్వింది. ఆ నవ్వు భోజనానికి కూర్చునేదాకా ఆగలేదు. కూర్చున్నాక మాత్రం ఆగింది.

గోంగూర పప్పు మొదటి ముద్దకే సుధీంద్ర చెవులు ఎర్రబడ్డాయి. కోడి వేపుడు నోట్లో పెట్టుకున్నాక సౌదామినికి కాసేపు ఎదురుగా ఉన్నవాళ్ళు మసకమసకగా కనిపించారు. భుజంగరావు ముద్దముద్దకీ గరిటెడు నెయ్యి పోసుకుని, మజ్జిగ గ్లాసు పక్కనే పెట్టుకుని, ఆరితేరినవాడిలా నెట్టుకొస్తున్నాడు. ఇందుమతి మాత్రం ప్రశాంతంగా తింటోంది. నుదుటి మీద చెమట చుక్క లేదు. తినీ తినీ, కాస్త ఆలోచించి, పక్కనున్న గిన్నెలోంచి చిటికెడు కారప్పొడి తీసి వేపుడు మీద చల్లుకుంది.

"ఈ ఏడు మిరపకాయల్లో పసే లేదు," అంది. "ఎంత వేసినా చప్పగా చస్తంది. ఏరా, బాగుందా?"

"అద్భుతం అక్కా," అన్నాడు సుధీంద్ర, కళ్ళ నీళ్ళతో.

"చూశావా సౌదామినీ, తమ్ముడు తింటుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. అంత ప్రేమ వాడికి నేనంటే." అంటూ ఇందుమతి లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద తెర్లుతున్న చారు గిన్నెను రెండు చేతులతో ఎత్తి తెచ్చింది.

పట్టకారు లేదు. మసిగుడ్డ లేదు. ఉత్త చేతులు.

గిన్నె బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఏమీ జరగనట్టు కూర్చుంది. సౌదామిని ఆ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. అరచేతుల్లో ఎర్రటి చారలు తేలుతున్నాయి. వాటి కింద పాత బొబ్బల మచ్చలు కూడా ఉన్నాయి. నోట్లో మంట అప్పటికప్పుడు చల్లారి, గుండెల్లో మొదలైంది ఆవిడకి.

"నొప్పి లేదా వదినా?"

"దేనికి?" అని అడిగింది ఇందుమతి, నిజంగానే అర్థంకాక.

సౌదామిని ఆవిణ్ణి కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, చేతులు నీళ్ళ కింద పెట్టించింది. మనసు మాత్రం ఎలుకల దగ్గరికి పోయింది.

ఆ ఎలుకల సంగతి చెప్పాలంటే ముందు సౌదామిని అమ్మగారి కాలు సంగతి చెప్పాలి.

సౌదామిని చదువుకునే రోజుల్లో వాళ్ళమ్మగారికి నెలసరి ఆగిపోయే వయసు వచ్చింది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం. ఊళ్ళో డాక్టరు బిళ్ళలు రాసిచ్చి "బలానికి" అన్నాడు. ఆవిర్లు తగ్గాయి. ఆవిడ సంబరపడింది. కొన్నాళ్ళకి కాలు వాచి, లోపల నెత్తురు గడ్డకట్టి, ఆస్పత్రి పాలైంది. అవి హార్మోన్ బిళ్ళలనీ, కొందరికి ఇలా అయ్యే ప్రమాదం ఉంటుందనీ అప్పుడుగానీ ఎవరూ చెప్పలేదు. ప్రాణానికి ముప్పు తప్పిందిగానీ, ఆ కాలు ఈడ్చుకుంటూనే ఆవిడ మిగిలిన జీవితం నడిచింది. "బిళ్ళలు వేసుకున్నందుకు కాదే నా బాధ," అనేది. "బలానికి అన్నాడే ఆ మహానుభావుడు, అందుకు."

ఆ ఒక్క మాటే సౌదామినిని డాక్టర్ని చేసింది, తరవాత పరిశోధకురాలిని చేసింది. నల్లపాడు రోడ్డులోని పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి కష్టపడి ఆవిడ తయారుచేసింది బియ్యపు గింజంత పరికరం. మెడ వెనక చర్మం కింద పెడతారు. ఒంట్లో వేడి పుట్టిందని మెదడుకి కబురు మోసే నరాలు కొన్ని ఉంటాయి. ఆ వయసులో అవి ఉత్తపుణ్యానికే గగ్గోలు పెడతాయి. ఈ గింజ వాటిని బుజ్జగించి పడుకోబెడుతుంది. మందు లేదు, బిళ్ళ లేదు, నెత్తురు గడ్డకట్టే భయం లేదు. పరిశోధనశాలలో అందరూ దాన్ని ముద్దుగా చలివేంద్రం అని పిలుచుకున్నారు.

మొదట ఎలుకలకి పెట్టారు. బ్రహ్మాండంగా పనిచేసింది. అప్పుడొక తమాషా జరిగింది. మామూలుగా అక్కడి కోళ్ళ మేతని ఎలుకలు ముట్టకుండా అందులో కారం కలిపి ఓ సంచీలో ఉంచుతారు. గింజ పెట్టిన ఎలుకలు ఆ సంచీ కొరికి, కారపు మేతంతా ఆవురావురుమని తినేశాయి. ఇంకే ఊళ్ళో అయినా శాస్త్రవేత్తలు కంగారుపడి కారణం వెతికేవాళ్ళు. ఇది గుంటూరు. "మనూరి ఎలుకలండీ, కారం తినక చక్కెర తింటాయా!" అని ఒకరంటే, అందరూ పడీపడీ నవ్వారు. ఆవకాయ పెట్టి చూద్దామన్నారు ఇంకొకరు. సౌదామిని కూడా నవ్వింది. నవ్వుకుని వదిలేశారు.

ఆ తరవాత మనుషులు కావాల్సి వచ్చారు. మనుషుల్ని ఇందుమతి తెచ్చింది.

ఇందుమతి కోలాటం బృందానికి నాయకురాలు. అందరూ యాభైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళే. ఊరేగింపుల్లో ఒకే రంగు పట్టుచీరలు కట్టి కోలలు తిప్పుతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది. కానీ పాట మధ్యలో ఒకరికి ఆవిర్లు వస్తే చాలు, కోల జారేది, వరస చెదిరేది. అందుకని సౌదామిని ప్రయోగం సంగతి వినగానే ఇందుమతి బృందం మొత్తాన్నీ తన హాల్లో కూర్చోబెట్టింది. సౌదామిని కాగితాలు తెచ్చి, "అమ్మా, ఇందులో కొన్ని ఇబ్బందులు కూడా ఉండొచ్చు..." అని మొదలుపెట్టిందో లేదో, ఇందుమతి చెయ్యి ఊపేసింది.

"ఇబ్బందేందే! మా సౌదామిని చేసింది. తెలియనివాళ్ళా, పరాయివాళ్ళా? పెట్టండే సంతకాలు. కాఫీలు చల్లారిపోతన్నాయి."

అందరూ పెట్టారు. సౌదామిని చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఇంత సులువుగా పని అయిపోయినందుకు లోలోపల హాయిగా అనిపించి, ఆవిడ కూడా కాఫీ తాగేసింది. ఆ నెలలోనే అందరి మెడల్లోనూ గింజలు పడ్డాయి.

ఇదీ ఎలుకల సంగతి.

మర్నాడు పరిశోధనశాలకి వెళ్తూనే సౌదామిని రెండు బోనులు తెప్పించింది. ఒకదాంట్లో గింజ ఉన్న ఎలుక, ఇంకోదాంట్లో లేనిది. రెండింటి కిందా గోరువెచ్చటి పళ్ళెం పెట్టి, మెల్లగా వేడి పెంచుతూ పోయింది. లేని ఎలుక కాస్త వేడి తగలగానే గెంతి పక్కనున్న చెక్క మీదికెక్కింది. గింజ ఉన్నది మాత్రం మీసాలు దువ్వుకుంటూ అక్కడే కూర్చుంది. సౌదామినే గబుక్కున పళ్ళెం లాగేసింది. తరవాత కంప్యూటర్లోంచి ఆ గింజ జోరు సగానికి తగ్గించింది. కాసేపటికి ఆ ఎలుక కూడా మళ్ళీ వేడెక్కించిన పళ్ళెం మీద నిలవలేక చెక్కెక్కింది. కారపు మేత వాసన చూసి మొహం తిప్పుకుంది.

వెనకనుంచి చూస్తున్న డైరెక్టర్ పట్టాభి గొంతు సవరించుకున్నాడు. మంచివాడే. పరిశోధనశాల మూతపడకుండా కాపాడటానికి పదేళ్ళుగా పడరాని పాట్లు పడుతున్న మనిషి.

"కారం మంటా, నిప్పు వేడీ ఒకే నరం మోస్తుందండీ," అంది సౌదామిని నీరసంగా. "మనం ఆవిర్ల కోసం దాన్ని పడుకోబెట్టాం. అది నాలుక దగ్గరా, చేతుల దగ్గరా కూడా పడుకుంది. వాళ్ళకి చెయ్యి కాలినా తెలియట్లేదు. జ్వరం వచ్చినా తెలియదేమో."

"తెలిసింది కదా, సరిచేద్దాం."

"ముందు వాళ్ళకి చెప్పాలి."

పట్టాభి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెబుదాం. వద్దనట్లా. కానీ శుక్రవారం హైదరాబాద్ నుంచి కంపెనీ వాళ్ళొస్తున్నారు. వాళ్ళ ముందు మీ వదినగారి బృందం కోలాటం ఆడాలి. అది చూసి డబ్బు పెడతారు. ఈలోపు చెబితే సగంమంది తీయించేసుకుంటారు, సగంమంది ఏడుస్తారు. ఆడవాళ్ళకి ఇట్లాంటివి ఎక్కువగా చెబితే అనవసరంగా కంగారు పడతారండీ. శనివారం చెప్పండి, నెమ్మదిగా."

సౌదామినికి ఒక్కసారిగా అమ్మ కాలు కళ్ళ ముందు కదిలింది. అమ్మకి బిళ్ళలు రాసిన డాక్టరు కూడా సరిగ్గా ఇట్లాగే అనుకుని ఉంటాడు. పాపం, ఆయనా మంచివాడే అయ్యుంటాడు.

"ఈలోపు ఎవరో ఒకరు మరిగే నూనెలో వేలు పెట్టి చూస్తే ఏం చేద్దామండీ?" అంది. "నేను సాయంత్రమే వెళ్తున్నా. మీరు వస్తే రండి."

పట్టాభి రాలేదు. కానీ ఆపనూ లేదు.

కళ్యాణమండపంలో సాధన జోరుగా సాగుతోంది. మెట్ల మీద మొగుళ్ళు నలుగురైదుగురు మల్లెపూల పొట్లాలు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. లోపల కోలలు టకటకా మోగుతున్నాయి. ఒక్కరి మొహంలోనూ అలసట లేదు. ఆ నవ్వులు చూస్తుంటే సౌదామినికి కాళ్ళు వెనక్కి లాగాయి. ఈ నవ్వుల కోసమే కదా ఇన్నేళ్ళు కష్టపడింది! ఇప్పుడు నోరు విప్పితే ఈ వరసే మిగలకపోవచ్చు. వదిన మళ్ళీ తన మొహం చూడకపోవచ్చు. అయినా పాట ఆగగానే వెళ్ళి మధ్యలో నిలబడింది.

దాచకుండా అంతా చెప్పింది. నరం సంగతి, కారం సంగతి, పళ్ళెం మీద కూర్చున్న ఎలుక సంగతి. కాలితే తెలియదని చెప్పింది. ముందు ముందు ఇంకేమవుతుందో తనకీ పూర్తిగా తెలియదని కూడా చెప్పింది.

అందరూ ఎవరి అరచేతులు వాళ్ళు తిప్పి చూసుకున్నారు. తరవాత వరహాలమ్మ అనే ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. "అమ్మ నా తల్లో! అందుకా మా ఆయన పాపం రోజూ కూర తింటా ఏడ్చేది? నేను వాళ్ళ పోయిన అమ్మ గుర్తొస్తందనుకుంటి!"

హాలంతా గొల్లుమంది. గుమ్మం దగ్గర చేరిన మొగుళ్ళ మొహాలు ఒక్కసారిగా విప్పారాయి. "అయితే కోపం కాదన్నమాట!" అన్నాడు భుజంగరావు గట్టిగా, దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ.

ఇందుమతి మాత్రం నవ్వలేదు.

"ఆ ఎలకలు కారం తిన్నది ఎప్పుడు సౌదామినీ? మాకు పెట్టకముందా, పెట్టినాకా?"

"పెట్టకముందే వదినా."

"మరి చెప్పకపోతివే?"

"మీరు... మీరు అడగలేదు వదినా. సంతకాలు పెట్టేయమన్నారు." ఆ మాట బయటికొచ్చాక సౌదామినికి నాలుక కొరుక్కోవాలనిపించింది.

"అవును. అన్నా." ఇందుమతి కోలలు పక్కన పెట్టింది. "నా బుద్ధి తక్కువే, ఒప్పుకుంటా. నేను నోరు మూయించినప్పుడు నువ్వేం చెయ్యాలి? వదినా, నువ్వు కాసేపు నోర్మూసుకో, ఇది వినాల్సిందే అనాలి. నువ్వేమో అమ్మయ్య అనుకుని కాఫీ తాగితివి. నేను చూశా."

సౌదామిని తల దించుకుంది. ఏడుపు ఆగలేదు. "తప్పయింది వదినా. మా అమ్మకి జరిగిందే మీకు చేశాను."

"కారం పోయినందుకు కాదు నాకు. చేతులు కాలినందుకూ కాదు. ముందు చెప్పినా నేను పెట్టించుకునేదాన్నేమో కూడా. ఆ ఆవిర్లతో నేను పడ్డ అవస్థ నాకు తెలుసు. కానీ అప్పుడు నేను పెట్టించుకున్నట్టు ఉండేది. ఇప్పుడు నువ్వు పెట్టినట్టుంది." ఇందుమతి చేత్తో వరసంతా చూపించింది. "నీ మీద నమ్మకంతో నేను ఇంతమందిని తెచ్చాను. రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే నేను వాళ్ళ పిల్లలకి ఏ మొహం పెట్టుకుని కనబడను?"

అలా అనేసి, వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. భుజంగరావు పక్కన చేరి, మల్లెపూల పొట్లం ఇవ్వాలా వద్దా అని చేతుల్లో నలుపుతూ ఉండిపోయాడు.

లోపల మాత్రం కోలాహలం మొదలైంది. వరహాలమ్మ అప్పటికప్పుడే తీయించేయమంది. టైలరింగ్ షాపు నడిపే సత్యవాణి చచ్చినా తీయించనంది. "చెయ్యి కాలితే పట్టకారు కొనుక్కుంటా, రుచి మా కోడలు చూస్తది. రాత్రిళ్ళు నిద్రపోతన్నానమ్మా నేను! ఆ నిద్ర మీకేం తెలుసు!" ఆవిర్లు సగమే తగ్గినా సరే, సగం జోరు మీద పెట్టమంది ఇంకొకావిడ. జ్వరం తెలియకపోతే ఎలా అని ఒకరడిగితే, థర్మామీటరు పెట్టుకు చూసుకోవాలని సౌదామిని చెప్పింది. పాలు కాచేటప్పుడు, దీపం వెలిగించేటప్పుడు, నూనెలో గారెలు వేసేటప్పుడు ఏం చేయాలో ఒక్కొక్కరే అడిగారు. సంతకాల రోజున ఒక్క ప్రశ్న వేయనివాళ్ళు ఇప్పుడు వందడిగారు. సౌదామిని అన్నిటికీ జవాబు చెప్పింది, తెలియనివాటికి తెలియదని చెప్పింది. కంగారుపడి ఎవరూ మూర్ఛపోలేదు.

ఈ మాటలన్నీ మెట్ల మీద ఇందుమతికి వినబడుతూనే ఉన్నాయి. కాసేపు విని, కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఆగండే! అందరూ ఒక్కసారి మాట్లాడితే ఏం అర్థమైతది. వరసలో నిలబడండి. కోలలు తీయండి."

"ఇప్పుడు కోలాటమా వదినా?" అంది సౌదామిని ముక్కు తుడుచుకుంటూ.

"మన పాటలన్నీ ఎట్టా గుర్తున్నాయి? నేనొక మాటంటే వాళ్ళు తిరిగి అంటారు. తిరిగి అననిదే అడుగు కదలదు. నువ్వు చెప్పిందాంట్లో ఎవరికి ఎంత ఎక్కిందో నాకు తెలియాలి. చెప్పు, మొదటిదేంది?"

సౌదామిని చెప్పింది. ఇందుమతి దాన్ని పాటగా కట్టింది. తప్పు చెప్పినవాళ్ళని వరసలోంచి బయటికి లాగి మళ్ళీ చెప్పించింది. వరహాలమ్మ నాలుగుసార్లు బయటికొచ్చింది. చీకటి పడే వేళకి మెట్ల మీది మొగుళ్ళకి కూడా పాట నోటికొచ్చేసింది.

శుక్రవారం కంపెనీ నుంచి మృణాళిని అనే ఆవిడ ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి, ఖద్దరు చీర, నిక్కచ్చిగా ఉంది. పట్టాభి ప్రసంగం మధ్యలో ఆవిడ మొహం ఉన్నట్టుండి ఎర్రబడింది. చేతిలో ఉన్న కంపెనీ పుస్తకంతో గబగబా విసురుకుంది. సౌదామిని గమనించి ఏసీ పెంచమని సైగ చేసింది.

అప్పుడు బృందం వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీరలు, ఎర్ర అంచులు. పట్టాభికి దైవభక్తి పాట వస్తుందని నమ్మకం. ఇందుమతి కోల ఎత్తి అందుకుంది. ఆవిడ ఒక మాటనడం, బృందం కోల కొట్టి తిరిగి అనడం.

"మెడ వెనకాలా గింజమ్మా, కోలు!
ఆవిర్లు ఆపే గింజమ్మా, కోలు!
నిద్దర మాత్రం నిండుగ వస్తది, కోలు!
నాలిక మీదా మంటే తెలవదు, కోలు!
చెయ్యి కాలినా చురుకే తెలవదు, కోలు!
కొలిచి చూడందే జొరమే తెలవదు, కోలు!
తెలియనివింకా ఉన్నాయంటా, కోలు!
తెలిసినాకనే ఔననవమ్మా, కోలు!
వద్దనుకుంటే వద్దనవమ్మా, కోలు!"

పట్టాభి మొహం పాలిపోయింది. కుర్చీలోంచి లేవబోయి, ఎక్కడికెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. పాట ఆగాక మృణాళిని పుస్తకంతో విసురుకోవడం ఆపింది.

"మీ సరుకు గురించి మీరే ఇలా చెప్పుకుంటారా డాక్టరుగారూ?" అని అడిగింది.

"సరుకు గురించి కాదండీ. వాళ్ళ ఒంటి గురించి," అంది సౌదామిని తడబడకుండా.

మృణాళిని పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. తరవాత కంపెనీ మాట కంపెనీ మాటగానే చెప్పింది. ఇప్పట్లో దుకాణాల్లోకి తేవడం కుదరదు. నాలుకనీ చేతుల్నీ వదిలిపెట్టే గింజ తయారైతే అప్పుడు మాట్లాడదాం. అందాకా పరిశోధనకి మాత్రం కొంత డబ్బు ఇస్తాం, అదీ ముందు అనుకున్నదానికంటే చాలా తక్కువ. పట్టాభి ఆ లెక్కలు విని నిట్టూర్చాడు. పైఅంతస్తు కట్టాలన్న ఆయన ముచ్చట ఆ పూటతో అటకెక్కింది. సౌదామినికి కూడా ఇంకో రెండు మూడేళ్ళ చాకిరీ కళ్ళ ముందు కనబడి కళ్ళు తిరిగాయి.

కానీ వెళ్ళబోతూ మృణాళిని ఇందుమతి పక్కకి చేరి గొంతు తగ్గించింది. "ఏమండీ, సగం జోరు మీద నాకొకటి పెడతారా? మీటింగుల్లో ప్రాణం పోతోంది."

"నాకు తెలియదమ్మా, డాక్టర్నడుగు," అంది ఇందుమతి, రెండు కోలలు తీసి ఆవిడ చేతిలో పెడుతూ. "అడిగేముందు పాట ఒకసారి పూర్తిగా చెప్పు, నీకెంత తెలిసిందో చూద్దాం."

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఖద్దరు చీర కొంగు దోపి, చురుకు దగ్గర తప్పు చెప్పి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

ఆ రోజు ఇందుమతి అందరితోనూ మాట్లాడింది, ఒక్క సౌదామినితో తప్ప. మర్నాడు వచ్చి తన గింజ తీయించుకున్నప్పుడు కూడా పైకప్పు చూస్తూ పడుకుంది. "ఆవిర్లు మళ్ళీ వస్తాయి వదినా," అని సౌదామిని చెబితే, "తెలుసు. పాట కట్టింది నేనే," అంది అంతే. సత్యవాణీ ఇంకొందరూ ఉంచుకున్నారు. వరహాలమ్మ తీయించుకుని, వారం తిరక్కుండా మళ్ళీ సగం జోరుది పెట్టించుకుంది.

ఆదివారం ఫోన్ వస్తుందో రాదో అని సౌదామిని పొద్దున్నుంచీ ఫోన్ చుట్టూ తిరిగింది. రాలేదు. తరవాతి ఆదివారమూ రాలేదు. సుధీంద్ర, అక్క వంటంటే హడలిపోయినవాడే, గోడకేసి చూస్తూ పెరుగన్నం తిన్నాడు.

మూడో ఆదివారం ఫోన్ మోగింది. "భోజనానికి రండి," అని పెట్టేసింది ఇందుమతి.

ఈసారి గుమ్మంలో తుమ్ములు రాలేదు. భుజంగరావు వరండాలో కాళ్ళు చాపుకుని పేపరు చదువుతున్నాడు. గిన్నెలు తోమడం మానేశావేం బావా అని సుధీంద్ర అడిగితే, "కోపం లేదని తేలిందిగా!" అన్నాడు. వంటింట్లోంచి "తేలిందని ఎవరన్నారు?" అని వినిపించేసరికి పేపరు మడిచి లేచాడు.

వడ్డన మొదలైంది. ఇందుమతి ముందు తన కంచంలో ఒక ముద్ద గోంగూర పప్పు కలుపుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "అబ్బా... మంట!" అంది, తప్పిపోయిన చుట్టం తిరిగొచ్చినంత సంతోషంగా. అంతలో మొహమంతా ఎర్రబడి, జుట్టు మొదళ్ళలో చెమట పట్టింది. "ఇదిగో, ఈ ఆవిర్ల మహాతల్లి కూడా వచ్చింది! నేను తలుచుకోకముందే!" అంటూ విసనకర్ర అందుకుని, విసురుకుంటూనే నవ్వింది.

సౌదామిని లేచి విసనకర్ర అందుకోబోయింది. ఇందుమతి ఇవ్వలేదు. సౌదామిని కంచం దగ్గరికి వచ్చి, చేతిలో కోడి వేపుడు గిన్నె పట్టుకుని, వడ్డించకుండా నిలబడింది. అన్నాళ్ళ తరవాత మొదటిసారి మరదలి మొహంలోకి సూటిగా చూసింది.

"ఇందులో కారం కాస్త ఎక్కువ పడింది," అంది. "నాలుక ఇంకా సరిగ్గా కుదురుకోలా, చెయ్యి జారింది. మజ్జిగ ఉంది, నెయ్యి ఉంది, అయినా మండుతది. వద్దంటే పప్పుతో తిను, ఏమీ అనుకోను. ముందే చెప్తన్నా. వెయ్యనా, వద్దా?"

సౌదామిని గిన్నె వైపు చూసింది. వేపుడు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది.

"కారం ఎక్కువ పడింది. మజ్జిగ తాగినా మండుతుంది. వద్దంటే పప్పు ఉంది," అని ఒక్కొక్కటే తిరిగి చెప్పి, కంచం ముందుకి జరిపింది. "వెయ్యండి వదినా."

ఇందుమతి గరిటె నిండా వేసింది.